కొలపుల్ల

ముల్లుని నమ్మకు, అన్నారు మొదటిరోజే బెహరా మాస్టారు.
కాక్‌పిట్‌లో ముల్లు పెళ్ళిళ్ళ పేరయ్య,
ఎప్పుడడిగినా నిండుగానే చెబుతుంది.

తెల్లారకముందు
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు ఇంకా తిరుగుతుండగా
నిచ్చెన వేసుకుని రెక్క దగ్గరికి ఎక్కుతాను.
రేకు మీద ఉప్పు తడి.
రాత్రి సముద్రం ఇక్కడిదాకా నడిచొచ్చి
ఎవరినీ లేపకుండా వెళ్ళిపోయినట్టు.
మూత తిప్పితే ముందు వాసన లేస్తుంది,
తరవాత చీకటి.
ఆ చీకట్లోకి పుల్ల దించుతాను.

పెట్రోలు తడి నిలవదు.
పైకి తీసి మూడు లెక్కపెట్టేలోపు ఆరిపోతుంది.
చూపు ఆలస్యమైతే
ముంచినట్టూ కాదు, ముంచనట్టూ కాదు.

మా తాత వాసుపల్లి దానయ్య
బోటు డీజిలుని సరుగుడు పుల్లతో కొలిచేవాడు.
"గంగమ్మతల్లికి దండమెట్టమ్మీ, ఇంజనుకి దండమెట్టు,
పుల్ల మాత్రం నువ్వే ముంచి సూడు" అనీవోడు.
ఒక్కసారి ఇంకెవరో ముంచారు.
భీమిలికి ఎదురుగా ఇంజను ఆగి
దుప్పటిని తెరచాప కట్టుకుని మూడోరోజుకి ఒడ్డెక్కాడు.
ఎవర్నీ తిట్టలేదు.
ఇంటికొచ్చి, నీళ్ళకుండలో పుల్ల పెట్టి చూసి,
అప్పుడు తాగాడు.

పోయిన ఆషాఢంలో ఎవరి కాలో పడి
మా పాత పుల్ల విరిగింది.
పక్క విమానానిది ఉందిగా, అన్నాడో కుర్రాడు.
మాస్టారు నవ్వలేదు.
ఒకరి కొలతలతో ఇంకొకరికి రవిక కుడతావా?

ఆ రోజంతా కొత్తది చేశాం.
రంగు వెయ్యని లేత చెక్క, రంగుని పెట్రోలు తినేస్తుంది.
హ్యాంగరు గచ్చు మీద బుడగమట్టం పెట్టి
విమానాన్ని అటు జరిపి, ఇటు జరిపి,
ట్యాంకు మొత్తం దింపేసి,
ఇంజను అందుకోలేని కాస్త మాత్రం అడుగున మిగిలితే
అది నీది కాదు, లెక్కలో రానివ్వకు, అన్నారు.
అయిదు లీటర్లు పోశాం. పుల్ల పొడిగా వచ్చింది.
ఇంకో అయిదు. పొడే.
పెట్రోలంతా రెక్క మొదట్లోకి జారి దాక్కుంది.
మూడోసారికి కొస తడిసింది.
కత్తితో గాటు.
మళ్ళీ పొయ్యడం, అల తేరేదాకా ఆగడం, ముంచడం, గాటు.
గాట్లు సమానంగా రాలేదు,
కొన్ని ఎడంగా, కొన్ని ఒకదాన్నొకటి తోసుకుంటూ.
చక్కగా గీద్దామా అని నేనంటే
ట్యాంకు చక్కగా లేదుగా, అన్నారు.

ఇవాళ కృపానందం
మొదటిసారి ఒంటరిగా రాజమండ్రిదాకా.
ఇస్త్రీ చొక్కా, మెడలో వాళ్ళమ్మ కట్టిన నల్లదారం.
ముల్లు సగం దాటింది, అన్నాడు లోపల్నించి.
పుల్ల మూడో గాటు దగ్గరే ఆగింది.
ఇదిగో అని చూపించేలోపు ఆరిపోయింది.
రెండోసారి ముంచాను. గడియారం చూసుకుంటున్నాడు.
మూడోసారి.
అప్పుడు దిగి, నిచ్చెనెక్కి
నా చేతిలోంచి పుల్ల తీసుకుని తనే దించాడు.
తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని
ఏమీ మాట్లాడలేదు.

పెట్రోలు బండి వచ్చింది. నీలంగా నిండింది.
చిన్న గ్లాసులోకి కాస్త దింపి
నీటిబొట్టు లేదని ఎండకెత్తి చూశాం, ఇద్దరం.
నలభై నిమిషాలు ఆలస్యం.

శబ్దం సింహాచలం కొండ అవతలికి వెళ్ళాక
పుల్లని మేకుకి తగిలించి
టీ కూడా తాగాను.
అయినా బొటనవేలు గాట్ల మీదే తిరుగుతోంది:
అనకాపల్లి దాటేసరికి ఒకటి,
ఎలమంచిలి,
తుని దగ్గరికి మూడోది అయ్యుంటుంది,
ఇంకా చాలా ఉన్నాయి,
ఇంకా చాలా